పగటి దీపాన్ని ఆర్పుతున్నదెవరు?

కొత్త ద్విచక్ర వాహనాలకు పగలు కూడా హెడ్‌లైటు వెలగాల్సిందేనని 2017 ఏప్రిల్‌ 1 నుంచి నిబంధన ఉంది. ఇంజిన్‌ తిరిగితే లైటు దానంతటదే వెలుగుతుంది. ఆర్పడానికి స్విచ్‌ ఉండదు. ఆ లేని స్విచ్‌ను మెకానిక్‌ షెడ్లలో అడిగినవారికల్లా బిగిస్తున్నారు. ఆన్‌లైన్‌లో బాహాటంగా అమ్ముతున్నారు. రవాణా శాఖకు ఇదేదీ కనబడదా?

ఎండలు మండే దేశంలో పగటి దీపమెందుకని, బ్యాటరీ దండగని అనేవారున్నారు. కార్లతో సహా అన్ని వాహనాలకూ పెట్టిన ఇలాంటి నిబంధనను ఆస్ట్రియా 2008లో ఎత్తేసిన మాటా నిజమే. కానీ మనకంటే భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మలేసియా 1992లోనే మోటారు సైకిళ్లకు పగటి లైటును తప్పనిసరి చేసింది. ఎండ కాస్తే చాలు, బండి కనిపిస్తుందనుకోవడం భ్రమ. ముందున్న లారీని దాటబోయే కారు డ్రైవరు, కుడివైపు తిరగబోయే ఆటో డ్రైవరు రెప్పపాటులో రోడ్డు చూసి నిర్ణయం తీసుకుంటారు. చెట్ల నీడలో, దుమ్ములో, ముసురులో ఎదురొచ్చే నల్లటి బైకు ఆ చూపుకు అందదు. వెలిగే లైటు అందుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. లైటు వారందరినీ కాపాడేదని మేము అనడం లేదు. ఉన్న రక్షణను చేజేతులా తీసేయడమేమిటన్నదే మా ప్రశ్న.

చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతోంది. ఈ లైటు లేని బండిని కంపెనీ అమ్మడానికి వీల్లేదు. అదే బండికి మర్నాడు స్విచ్‌ బిగిస్తే అడిగే నాథుడు లేడు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ ఇలాంటి మార్పులను నిషేధించింది. 2019 సవరణ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ అని రాసిపెట్టింది. రాసింది ఎవరికోసం? హెల్మెట్‌ లేదని బండి ఆపేవారు ఆరిపోయిన లైటు వైపు చూడరు. ఇవాళ లైటును వదిలేస్తే రేపు బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ తీగ పీకేస్తారు. అప్పుడూ గేటు దాటిన బండి మాది కాదంటారా?

షెడ్లలో తనిఖీలు చేయండి, ఆన్‌లైన్‌ అమ్మకాలు ఆపించండి. చేతకాకపోతే ఈ నిబంధన కంపెనీలకే తప్ప రోడ్డుకు కాదని బహిరంగంగా ఒప్పుకోండి.