ప్రమాదం చోటు చేసుకుంది, చోటెవరిచ్చారో అడక్కండి

పోయిన నెల మా కంపెనీ నన్ను రెండు రోజులు నాయకుణ్ని చేసింది. మాదాపూర్‌లో స్టార్ హోటల్, మెడలో ట్యాగు, ట్యాగు మీద నా పేరు, పేరులో ఒక అక్షరం తప్పు. శిక్షణ పేరు ‘సంక్షోభ సమయంలో నైతిక నాయకత్వం’. నిజానికి నేను ఎవరికీ నాయకుణ్ని కాను. కంపెనీ ఇంగ్లీషులో అన్నమాటని తెలుగులో అనడం నా ఉద్యోగం. పత్రికా ప్రకటనలు, గేటు దగ్గర బోర్డులు, మేడే శుభాకాంక్షలు, ఇవీ నా శాఖలు. కానీ రెండు సీట్లు మిగిలిపోయాయట, భోజనాలకి డబ్బు ముందే కట్టేశారట. అలా నైతికత నాదాకా వచ్చింది.

రెండు రోజులూ శ్రద్ధగా విన్నాక నాకు గట్టిగా వంటబట్టింది ఒకటే మాట. మీకూ తెలిసిన మాటే. దురదృష్టకరం.

బాయిలర్ పేలితే దురదృష్టకరం. లిఫ్టు తెగితే దురదృష్టకరం. మూడొందలమందిని ఒక్క మెయిలుతో ఇంటికి పంపేస్తే మార్కెట్ పరిస్థితుల వల్ల దురదృష్టవశాత్తూ. ఇదంతా చూస్తే మన పరిశ్రమలన్నిటికీ అసలు యజమాని దురదృష్టం గారేనేమో అనిపిస్తుంది. వాల్వు మార్చకుండా వాయిదా వేసింది ఆయనే. తుప్పు పట్టిన పైపు మీద రంగు కొట్టించింది ఆయనే. తనిఖీకి వచ్చిన అధికారిని గెస్ట్‌హౌస్ దాటనివ్వకుండా చేపల పులుసుతో కట్టిపడేసిందీ ఆయనే. ఇంత చేసినా ఆయన మీద ఏ పోలీస్ స్టేషన్‌లోనూ ఎఫ్ఐఆర్ లేదు. తండ్రి పేరు, ఆధార్ నంబరు దొరక్క ఆగిపోయి ఉంటుంది.

లాభాలొచ్చిన ఏడాది మాత్రం ఈయన కనపడడు. ‘అదృష్టవశాత్తూ ఈసారి లాభాలొచ్చాయి’ అని ఏ వార్షిక నివేదికలోనైనా చదివారా? అక్కడ ఛైర్మన్ గారి దూరదృష్టి ఉంటుంది. దూరదృష్టికీ దురదృష్టానికీ మధ్య ఒక దీర్ఘం, ఒక గుడి, ఒక సున్నా తేడా. లాభమొస్తే దీర్ఘం పెట్టుకోవాలి. మనుషులు పోతే దీర్ఘం, గుడి తీసేసి చివర సున్నా చుట్టాలి. నాయకత్వంలో సగం పాఠం ఇదే, ఫీజు లేకుండా చెబుతున్నాను.

రెండో మాట ‘చోటు చేసుకుంది’. ప్రమాదం చోటు చేసుకుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకున్నట్టు ప్రమాదం తనంతట తనే వచ్చి, కాస్త జరగండి బాబూ అని సర్దుకుని కూర్చుందన్నమాట. చోటెవరిచ్చారని ఎవరూ అడగరు. ఇంక ‘విచారం’ అనే మాట ఉంది చూశారూ, దానికి సాటి లేదు. విచారం వ్యక్తం చేసేస్తే విచారణ అక్కర్లేదు. ఉన్న ఒక్క ‘ణ’ కూడా మింగేశారు.

ట్రైనర్ గారు సూటు వేసుకున్న మంచి మనిషి. మొదటి స్లైడు 1982 నాటి షికాగో. ఎవడో దుర్మార్గుడు టైలెనాల్ మాత్రల్లో సయనైడ్ కలిపాడు, ఏడుగురు చనిపోయారు. తప్పు తమది కాకపోయినా జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ దేశమంతటా మూడు కోట్లకు పైగా సీసాలు వెనక్కి తెప్పించింది. మంచి పనే, కాదనను. కానీ నలభై ఏళ్లు దాటినా ప్రతి శిక్షణలోనూ అదే సీసా. ఆ స్లైడు షికాగోలో విమానమెక్కి నేరుగా మాదాపూర్‌లో దిగింది. దారిలో భోపాల్ ఉంది, విశాఖపట్నం ఉంది. ఎక్కడా ఆగలేదు. డైరెక్ట్ ఫ్లయిట్.

రెండో స్లైడు మన ఊరిదే, సత్యం కంప్యూటర్స్. పేరే సత్యం. చక్కటి కార్పొరేట్ పాలనకి 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఛైర్మన్ రామలింగరాజు గారే ఉత్తరం రాశారు. పులి మీద స్వారీ చేస్తున్నట్టయింది, దాని నోట పడకుండా ఎలా దిగాలో తెలియలేదన్నారు. ట్రైనర్ గారు దీన్ని ‘ఒప్పుకునే ధైర్యం’ అనే శీర్షిక కింద పెట్టారు. పులి ఎక్కినప్పుడు నెమలి బొమ్మ పుచ్చుకుని, దిగేటప్పుడు ధైర్యానికి మార్కులు కొట్టేయడం అందరికీ రాదు. సత్యంలో ఆ రోజుల్లో ఈఎంఐలు కడుతున్న వేలమంది ఏ జంతువు మీద ఉన్నారో స్లైడులో లేదు.

మూడోది లాల్ బహదూర్ శాస్త్రి. 1956 నవంబరులో అరియలూరు రైలు ప్రమాదం, రైల్వే మంత్రి రాజీనామా. అంతకు రెండు మూడు నెలల ముందే మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వందమందికి పైగా పోయినప్పుడు కూడా ఆయన రాజీనామా ఇచ్చారు, నెహ్రూ వద్దన్నారు. అది చెబుదామని నేను చెయ్యెత్తేలోపు మా హెచ్ఆర్ ఆయన లేచి, మంత్రులకి నోటీస్ పీరియడ్ ఎంత ఉంటుందని అడిగాడు. చర్చ అటు పోయింది.

మధ్యాహ్నం గ్రూపు అభ్యాసం. అర్ధరాత్రి మీ ప్లాంటులో ట్యాంకు లీకైంది, పక్కనే ఊరు ఉంది, నలభై నిమిషాల్లో ప్రకటన తయారు చేయండి అన్నారు. మా గ్రూపులో ఫైనాన్స్ పెద్దాయన, లీగల్ మేడమ్, ఇందాకటి హెచ్ఆర్, బ్రాండింగ్ కుర్రాడు, అనకాపల్లి వైపు నుంచి వచ్చిన షిఫ్ట్ ఇన్‌చార్జి ఒకాయన, నేను. కలం నా చేతికిచ్చారు. నాకు తోచింది రాశాను: ‘మా ట్యాంకులోంచి గ్యాస్ లీకైంది. మనుషులు చనిపోయారు. మమ్మల్ని క్షమించండి.’

లీగల్ మేడమ్ ఆ కాగితాన్ని చచ్చిన బల్లిని చూసినట్టు చూశారు. “ముందు ‘మా’ తీసేయండి. ‘మా’ అంటే మనదని ఒప్పుకున్నట్టే.”

“మరి ట్యాంకు ఎవరిదండీ?”

“అది కోర్టు తేలుస్తుంది.”

‘మా’ పోయింది. ట్యాంకు అంటే షేరు పడిపోతుందని ఫైనాన్స్ పెద్దాయన ‘నిల్వ సదుపాయం’ చేయించారు. గ్యాస్ అనే మాట నెగటివ్‌గా ఉంది, ‘ఆవిరి’ అంటే మనకి ఇడ్లీ గుర్తొస్తుంది, ఒక ఆత్మీయత ఉంటుందని బ్రాండింగ్ కుర్రాడు. లీక్ అంటే ప్రశ్నపత్రాలు గుర్తొస్తాయని హెచ్ఆర్. లీకు ‘వెలువడింది’ అయింది. అది కూడా మరీ ఖాయంగా చెప్పినట్టుందని లీగల్ మేడమ్ చివర ‘సమాచారం’ తగిలించారు. దాంతో ‘నిల్వ సదుపాయం పరిసరాల్లో కొంత ఆవిరి వెలువడినట్టు సమాచారం’ అని తేలింది. మా ట్యాంకు సంగతి మాకు ఎవరో వచ్చి చెబితే తెలిసిందన్నమాట. ఇడ్లీ రేవు మూత తీసి చూసినంత హాయిగా ఉంది వాక్యం.

ఇంక చనిపోయినవాళ్లు మిగిలారు. ‘చనిపోయిన’ వద్దు, ‘ప్రభావితులైన’ అన్నారు. సరే, ప్రభావితులయ్యారు. బాగా ప్రభావితులయ్యారు, మళ్లీ లేవనంతగా.

క్షమాపణ దగ్గర పది నిమిషాలు పట్టింది. క్షమాపణ అంటే తప్పు, తప్పు అంటే పరిహారం. దించి దించి విచారం చేశారు, విచారం కూడా బరువుగా ఉందని ‘కుటుంబాల ఆవేదనను పంచుకుంటున్నాం’ దగ్గర ఆపారు. అప్పుడు ఫైనాన్స్ పెద్దాయన కళ్లజోడు తీసి అడిగిన ప్రశ్న నేను చచ్చేదాకా మర్చిపోను. “పంచుకుంటే మన వాటా ఎంత శాతం? అది రాయాలా?”

ఒక్క వాక్యం మాత్రం రెండు సెకన్లలో అందరికీ నచ్చింది. ‘భద్రతే మా ప్రథమ ప్రాధాన్యం.’ ఇక్కడ ‘మా’ ఉండొచ్చట. మేడమ్ అనుమతించారు.

అప్పటిదాకా షిఫ్ట్ ఇన్‌చార్జి నోరెత్తలేదు. టీ చల్లారిపోయింది. ట్రైనర్ గారు మా బల్ల దగ్గరికి వచ్చి ఇంకేమైనా సందేహాలా అంటే చెయ్యెత్తి అడిగాడు. “సార్, ఇదంతా రాసేలోపల సైరన్ ఎవరు నొక్కుతారండి?”

“అద్భుతమైన ప్రశ్న,” అన్నారు ట్రైనర్. “పార్కింగ్ లాట్‌లో పెడదాం.”

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ట్రైనింగుల్లో గోడకి ఒక తెల్ల చార్టు అంటిస్తారు. జవాబు లేని ప్రశ్నల్ని పసుపు చీటీ మీద రాసి దానికి అతికిస్తారు. దాని పేరు పార్కింగ్ లాట్. అక్కడ నిలిపిన బండి మళ్లీ కదలగా నేను చూడలేదు. చీటీ మీద ‘సైరన్’ అని ఒక్క మాట రాసి అంటించారు. దాని పక్కన ‘ఏసీ తగ్గించగలరు’ అని ఇంకో చీటీ ఉంది. ఏసీ తగ్గించారు.

సాయంత్రం టీ దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. వాళ్ల ప్లాంటులో ప్రతి సోమవారం పదకొండింటికి సైరన్ మోగించి చూసేవారట. ఒక సోమవారం పెద్దలు విదేశీ అతిథుల్ని తీసుకొచ్చారు. సైరన్ మోగింది, అతిథులు ఉలిక్కిపడ్డారు, ఒకాయన చొక్కా మీద కాఫీ ఒలికింది. ఈ వారానికి ఆపండి అన్నారు. ఆపారు. మళ్లీ మొదలెట్టమని ఎవరూ అనలేదు. రెండేళ్లయింది.

“ఇప్పుడు నొక్కితే మోగుతుందాండీ?”

“నొక్కితే కదండీ తెలిసేది.” కాసేపాగి అన్నాడు. “ఓసారి నైట్‌షిఫ్టులో మా కుర్రాడొకడు వాసనొస్తోందని నొక్కేశాడండి. ఏం లేదు. వాడికి మెమో ఇచ్చారు. ఉత్తపుణ్యానికి నొక్కితే మెమో అండి. నొక్కకపోతే దురదృష్టం.”

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఇంక నావల్ల కాదు.

2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ. లాక్‌డౌన్. విశాఖలో గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలో ఉంది. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ బయటికొచ్చింది. ఇడ్లీ ఆవిరి కాదు, స్టైరీన్ ఆవిరి. పన్నెండుమంది చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఊపిరాడక లేచి చీకట్లో పరుగెత్తినవాళ్లు రోడ్డు మీదే కూలిపోయారు. ఊరిని లేపింది సైరన్ కాదు, వాసన. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తర్వాత తేల్చిందేమిటంటే, ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉన్నాయి. గేటు దగ్గర కూడా ఒకటి ఉంది. ఏ ఒక్కటీ ఎవరూ నొక్కలేదు.

ముప్పై ఆరు! ఇంట్లో కాలింగ్ బెల్‌కి ఒక్కటే మీట ఉంటుంది, పాలవాడు రోజూ నొక్కుతాడు.

తమకి పర్యావరణ అనుమతి లేదని 2019లోనే ఆ కంపెనీ స్వయంగా రాసిచ్చిన కాగితం ఉంది. ఫ్యాక్టరీ నడిచింది, రాయించుకున్న ప్రభుత్వం చూసింది. ప్రమాదం జరిగాక కంపెనీ క్షమాపణ చెప్పింది. నిజంగానే చెప్పింది, రెండు రోజుల్లో, మంచి మాటల్లో. మా లీగల్ మేడమ్ అయితే అది కూడా చెప్పనిచ్చేవారు కాదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు కట్టమంది. కుటుంబానికి కోటి చొప్పున రాష్ట్ర ప్రభుత్వమే ఇచ్చింది. అందరికీ అన్నీ వచ్చాయి, మీట మీదికి ఒక్క వేలు రాలేదు. ఎందుకు రాలేదు? భోపాల్‌లో 1984 డిసెంబరులో గ్యాస్ లీకైన రాత్రి ఊరికి వినపడే సైరన్‌ని కాసేపు మోగించి ఆపేశారు, చిన్న లీకులకి జనం కంగారు పడకూడదన్నది అక్కడి పద్ధతి. జనం కంగారు పడితే కదా బతికేది! రాత్రి మూడింటికి కంట్రోల్ రూములో ఒంటరిగా ఉన్న ఇరవై వేల జీతగాడికి ‘నువ్వు తప్పుగా నొక్కినా నిన్నేమీ అనం, నొక్కు’ అని ముందే చెప్పి ఉంచడానికి ఏ షికాగో సీసా కావాలి? ఒక్క సర్క్యులర్ చాలు. నాలుగు లైన్లు. తెలుగులో నేనే రాసిస్తాను, ‘మా’తో మొదలుపెట్టి. అది మాత్రం రెండు రోజుల శిక్షణలో ఏ స్లైడు మీదా లేదు. ఆ జీతగాణ్ని ఏ శిక్షణకీ పిలవరు. నాయకత్వం నేర్చుకునేవాళ్లంతా మాదాపూర్‌లో, నొక్కాల్సినవాడు నైట్‌షిఫ్టులో.

రెండో రోజు సాయంత్రం ఉత్తమ ప్రకటన బహుమతి మా గ్రూపుకే వచ్చింది. గాజు పలక, దాని మీద ఎగురుతున్న డేగ. ఫొటో తీశారు. ఫొటోలో ఫైనాన్స్ పెద్దాయన భుజం వెనక పార్కింగ్ లాట్ చార్టు కనపడుతుంది. కాస్త పెద్దది చేసి చూస్తే పసుపు చీటీ కూడా కనపడుతుంది.

పార్కింగ్ లాట్ ప్రశ్నలకి వారంలోగా విడివిడిగా జవాబులు పంపుతామని మెయిలొచ్చింది. నాలుగు వారాలైంది. అప్పట్నుంచి ప్రతి సోమవారం పదకొండుంపావుకి అనకాపల్లి నుంచి ఒక వాట్సాప్ వస్తోంది.

“ఇవాళ కూడా లేదండి.”