బర్రె నీళ్లలో, బేరం గట్టు మీద: బులోలో బంగారానికి డబ్బు ఎలా పుట్టింది?

నీళ్లలో బర్రెను చూపించి గట్టు మీద బేరమాడినట్టు అంటాం కదా. బ్రిటిష్ సామ్రాజ్యం రోజుల్లో నదుల్లో బంగారం తీస్తామంటూ జనం దగ్గర డబ్బు పోగుచేసిన కంపెనీలు చేసింది సరిగ్గా అదే. సరుకేమో నీటి అడుగున, కంకర పొరల కింద ఉంటుంది. డబ్బు పెట్టేవాడు సముద్రాల అవతల ఉంటాడు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక ప్రాస్పెక్టస్, అంటే షేర్లు కొనమని కంపెనీ అచ్చేసే వివరాల కాగితం, దాని మీద ఓ ఇంజనీరు సంతకం. ఆ కాగితాన్ని ఏం చూసి నమ్మారన్నది నాకు ఆ బంగారం కన్నా ఆసక్తిగా అనిపిస్తుంది.

ఇలాంటి కథల్లో ఎక్కువ భాగం మోసపోయిన వాళ్లవే. అవి చదివితే జాలి పడతాం, అంతకుమించి తెలిసేది తక్కువ. అందుకే షేర్లు కొన్నవాళ్లకు నిజంగానే కాసులు కురిపించిన ఒక కంపెనీని తీసుకుంటున్నా. పేరు బులోలో గోల్డ్ డ్రెడ్జింగ్. ఊరు న్యూగినీ అడవుల్లో, ఈనాటి పాపువా న్యూగినీలో ఉంది.

దానికి ముందు న్యూజిలాండ్‌లోని ఒటాగో గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నది బంగారం షేర్ల పిచ్చి ముదిరింది అక్కడే. 1889లో డ్యునెడిన్‌లోని చైనా వ్యాపారి చోయీ స్యూ హోయ్ షాటోవర్ నదిలో డ్రెడ్జర్ దించి బంగారం తీసి చూపించాడు. డ్రెడ్జర్ అంటే తేలే ఫ్యాక్టరీ అనుకోండి. బకెట్ల గొలుసు నది అడుగు కంకరను తోడి పైకి తెస్తుంది, లోపల జల్లించి కడిగి బంగారాన్ని పట్టుకుంటారు, మిగతాది వెనక పారబోస్తారు. పదేళ్లకు, క్లూథా నదిలో ‘హార్ట్‌లీ అండ్ రైలీ’ అనే డ్రెడ్జర్ ఒక్క వారంలో వెయ్యి ఔన్సులు దాటించిందని పేపర్లలో పడింది. ఇంకేముంది, నది పొడుగునా కంపెనీలు మొలిచాయి. పక్కవాడి క్లెయిమ్‌లో, అంటే తవ్వకానికి హక్కు రాయించుకున్న ముక్కలో, పడింది కాబట్టి మనకూ పడుతుంది అన్నదే చాలావాటికి ఆధారం. నేలను పరీక్షించిన వాళ్లు తక్కువ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. క్లెయిమ్ తెచ్చిన ప్రమోటర్లకు మాత్రం పైసా కట్టక్కర్లేని షేర్లు ముందే చేతికొచ్చేవి. అంటే డ్రెడ్జర్ నీళ్లలోకి దిగకముందే వాళ్ల లాభం గట్టెక్కేది. ఒక్క డివిడెండ్ కూడా ఇవ్వకుండా మునిగిన కంపెనీలు ఎన్నో. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీ-లాంచ్ ఫ్లాట్లు కొన్నవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడో విడ్డూరం. స్యూ హోయ్ తెలివితేటలతో డబ్బు చేసుకున్న ఆ దేశమే, చైనా నుంచి వచ్చే ఒక్కో మనిషి మీద 1881 నుంచి 10 పౌండ్ల తలపన్ను వేసింది, 1896లో దాన్ని 100 పౌండ్లకు పెంచింది.

ఇక న్యూగినీ. ఈశాన్య భాగం 1914 దాకా జర్మనీది, తర్వాత ఆస్ట్రేలియా చేతికొచ్చింది, నానాజాతి సమితి అప్పగించిన పాలనాధికారం (మాండేట్) పేరుతో ఆస్ట్రేలియానే ఏలింది. అక్కడ జిల్లా అధికారిగా పనిచేసిన సెసిల్ లెవియన్ ఉద్యోగం వదిలేసి బంగారం వెంట పడ్డాడు. 1926లో ఈడీ క్రీక్ దగ్గర బంగారం బయటపడితే జనం ఎగబడ్డారు. లెవియన్ చూపు మాత్రం కొండ మీది వాగుపై లేదు. కింద బులోలో లోయలో నది పరిచిన వెడల్పాటి కంకర మైదానం మీద ఉంది. పళ్లెం పట్టుకున్న మనిషికి అక్కడ కూలి కూడా గిట్టదు. పెద్ద యంత్రానికైతే గిడుతుంది. యంత్రానికి పెట్టుబడి కావాలి.

అదే ఏడాది ఆస్ట్రేలియాలో ‘గినీ గోల్డ్ నో లయబిలిటీ’ అనే కంపెనీ పెట్టారు. ఆ పేరులోని చివరి రెండు మాటలే అసలు కీలకం. విక్టోరియా రాష్ట్రం 1871లో చట్టంలో తెచ్చిన పద్ధతి అది. షేరు కొన్నప్పుడు కొంతే కడతారు, మిగతాది కంపెనీ అడిగినప్పుడల్లా వాయిదాల్లో కట్టాలి. నమ్మకం పోతే కట్టడం మానేయొచ్చు. షేరు పోతుంది, అంతే. కంపెనీ మీ మీద కోర్టుకెక్కలేదు. చీట్లలో మధ్యలో మానేసినవాడి ఇంటి ముందు జరిగే గొడవ తెలిసినవాళ్లకు ఇదెంత పెద్ద వెసులుబాటో అర్థమవుతుంది. చిన్న గుమాస్తా, దుకాణదారు కూడా గని షేర్లు కొనే ధైర్యం చేయగలిగింది ఈ ఏర్పాటు వల్లే. ఆ వాయిదాల డబ్బు సరిపోయింది తొలి మెట్టుకు మాత్రమే. డ్రెడ్జర్లకు కావాల్సింది దానికి ఎన్నో రెట్లు.

ఆ పెద్ద డబ్బు కెనడా దారిలో వచ్చింది. 1926లోనే వాంకూవర్‌లో పుట్టిన ప్లేసర్ డెవలప్‌మెంట్ అనే కంపెనీ బులోలో లీజుల మీద ఆప్షన్ తీసుకుంది. ఆప్షన్ అంటే ముందు చూసుకుంటాం, బాగుంటేనే తీసుకుంటాం అని. దాని తరఫున ఇంజనీర్లు వచ్చి లోయలో వరసగా బోర్లు వేశారు. ఉక్కు పైపును కంకరలోకి దింపుతారు. అడుగడుగుకీ లోపలి మట్టిని పైకి తీసి, కడిగి, పళ్లెం అడుగున మిగిలిన రజనును సున్నితపు త్రాసులో తూస్తారు. ఒక ఘనపు గజం కంకర సుమారు ఒకటిన్నర టన్ను ఉంటుంది, అందులో ఇలాంటి నేలల్లో ఒక గ్రాము బంగారం ఉండటమే గగనం. చిటికెడు రజను చేతివాటంగా కలిపితే లెక్కంతా తారుమారే. అందుకే బోరు వేసే మనిషి నిజాయితీ మీదే కోట్ల వ్యవహారం ఆధారపడేది. బోరుకూ బోరుకూ మధ్య నేలను లెక్కగట్టి, ఇన్ని గజాల కంకర, గజానికి ఇన్ని పెన్నీల బంగారం, తవ్వడానికి ఇన్ని పెన్నీల ఖర్చు అని తేల్చారు. ఒటాగోలో జనానికి చూపించింది పక్కవాడి అదృష్టం. ఇక్కడ చూపించింది తూకం. 1930లో, అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలిన మరుసటి ఏడాది, ప్రపంచమంతా డబ్బును దిండు కింద దాచుకుంటున్నప్పుడు బులోలో గోల్డ్ డ్రెడ్జింగ్ పుట్టగలిగిందంటే కారణం ఆ బోర్లే అని నా అభిప్రాయం.

అయినా ఇంకో చిక్కు మిగిలింది. రోడ్డు లేదు. తీరంలోని సలమావా నుంచి బంగారం దొరికే చోటికి కొండలెక్కుతూ వారం పైగా నడక. మోసేవాడి తిండి కూడా అతని నెత్తి మీదే ఉండాలి, తిరుగు ప్రయాణానికి కూడా. అంటే మూటలో సగం వాడికే పోయేది. అలా బియ్యం చేరడమే గొప్ప, డ్రెడ్జర్ మాట దేవుడెరుగు. లెవియన్ బృందం విమానాన్ని నమ్ముకుంది. 1927లో గినీ ఎయిర్‌వేస్ పుట్టింది. వారం నడక గంటలోపు ప్రయాణమైంది. తర్వాత జర్మనీ నుంచి మూడు ఇంజిన్ల యుంకర్స్ జీ-31లు తెప్పించారు. వాటి పైకప్పుకే తలుపు పెట్టించి, క్రేన్‌తో పైనుంచి యంత్రభాగాలు దించేవారు. డ్రెడ్జర్‌నే విమానంలో పట్టే ముక్కలుగా డిజైన్ చేశారు. ఒక్క షాఫ్టే మూడు టన్నులు దాటింది. 1932 మార్చిలో మొదటి డ్రెడ్జర్ తిరగడం మొదలైంది. లెవియన్ దాన్ని చూడలేదు, అదే ఏడాది జనవరిలో పోయాడు. 1939 నాటికి డ్రెడ్జర్లు ఎనిమిది.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగి, రిస్క్ తీసుకున్న ఇన్వెస్టర్లకు చప్పట్లు కొడతారు. నాకు పేచీ ఇక్కడే. ఆ రిస్క్‌ను ముందే చవక చేసిపెట్టిన వాళ్లున్నారు. నేల కింది బంగారం ప్రభుత్వానిదని చట్టం చెప్పింది, లీజు ప్రభుత్వం ఇచ్చింది, రాయల్టీ ప్రభుత్వానికే వెళ్లింది. లోయలో తరతరాలుగా ఉన్నవాళ్లకు ఒక్క షేరూ లేదు. కూలీలను ఒప్పంద పద్ధతిలో తెచ్చేవారు. గడువు తీరకముందే పని వదిలి వెళ్తే అది నేరం. షేర్‌హోల్డరు వాయిదా ఎగ్గొడితే కోర్టు లేదు, కూలీ పని ఎగ్గొడితే జైలు! 1929 జనవరిలో అదే న్యూగినీలోని రబౌల్ పట్టణంలో స్థానిక కార్మికులు, పోలీసులు కలిసి జీతాలు పెంచమని సమ్మె చేస్తే నాయకులను జైల్లో పెట్టారు. మరుసటి ఏడాదే బులోలో కంపెనీ పుట్టింది. గజానికి ఇన్ని పెన్నీల ఖర్చు అన్న లెక్కలో ఆ జీతాలూ ఉన్నాయి. ఏ ప్రాస్పెక్టస్‌లోనూ దీన్ని బలంగా ముద్రించరు కానీ, బోర్ల లెక్క ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

అదృష్టం కూడా కలిసొచ్చిందనుకోండి. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణం, అంటే పౌండుకు ఇంత బంగారం అన్న కట్టుబాటు, వదిలేసింది, దాంతో పౌండ్లలో బంగారం ధర పెరిగింది. 1934లో అమెరికా ఔన్సు ధరను 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకు పెంచింది. కూలి మాత్రం అందుకు తగ్గట్టు పెరగలేదు. ఏ బోరూ చెప్పలేని లాభం ఇది. యుద్ధం వచ్చింది, 1942 జనవరిలో జపాన్ విమానాలు బులోలోలో ఆగి ఉన్న యుంకర్స్‌ను తగలబెట్టాయి. యుద్ధం తర్వాత మళ్లీ మొదలుపెట్టి 1965 దాకా తవ్వారు. మొత్తం 20 లక్షల ఔన్సులకు పైగా తీశారు. ఆ లాభాలతో పెరిగిన ప్లేసర్ 1987లో ప్లేసర్ డోమ్ అయింది, 2006లో బారిక్ గోల్డ్‌లో కలిసింది. లోయలో డ్రెడ్జర్లు తిరగేసిన రాళ్ల గుట్టలు మిగిలాయి.

ఆ గుట్టల్లో, చుట్టుపక్కల వాగుల్లో ఇప్పటికీ బంగారం కడుగుతున్నారు. కాకపోతే వాళ్లు స్థానికులు. పాపువా న్యూగినీ చట్టం ఒండ్రు బంగారం లీజులను సొంత పౌరులకే కేటాయించింది. పార, పళ్లెం, చెక్కతొట్టి, అడుగున పరిచిన గోనె. సాయంత్రానికి దొరికిన రజనును కాగితంలో పొట్లం కట్టి ఊళ్లో కొనుగోలుదారు దగ్గరికి తీసుకెళ్తారు. త్రాసు అతనిదే, ధర చెప్పేదీ అతనే.