గాలికి కొట్టుకుపోయే ఓట్లా మనవి?

ఎన్నికలు దగ్గర పడ్డప్పుడల్లా వరంగల్, కరీంనగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం: "పార్లమెంటు ఎన్నికల్లో మనోళ్లకు సొంత నిర్ణయం ఉండదు. దేశంలో గాలి ఎటుంటే అటే. అసెంబ్లీకి ఎవరికి గుద్దితే మళ్లీ వాళ్లకే. పైసలు తీసుకుంటే ఓటు అమ్ముడుపోయినట్టే. ఎవరు గెలిచినా ఇక్కడ మారేదేం లేదు." చదువుకున్నవాళ్లు కూడా దీన్ని పంపుతుంటే బాధేస్తుంది.

ముందు గాలి సంగతి. 1984 చివర్లో, ఇందిరాగాంధీ హత్య తర్వాత జరిగిన ఎన్నికలో కాంగ్రెస్‌కు 400 పైచిలుకు సీట్లు వచ్చాయి. బీజేపీ దేశం మొత్తమ్మీద గెలిచినవి రెండే. ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది మన హన్మకొండ. ఇక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడింది ఎవరో కాదు, పి.వి. నరసింహారావు. అప్పటికి ఆయన కేంద్రమంత్రి, అంతకుముందు వరుసగా రెండుసార్లు ఇదే హన్మకొండ నుంచి గెలిచిన నాయకుడు. అప్పుడు రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభంజనం ఉందంటారు. ఉంది, తెలుగుదేశం 30 స్థానాలు గెలిచింది కూడా. అంటే దేశమంతా ఒక దారిలో పోతుంటే మనం ఇంకో దారి పట్టామనేగా! 1977లో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 సీట్లు ఆ పార్టీకే వచ్చాయి. ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన ఆ తీర్పు నాకు నచ్చదు. అయినా అదీ ఢిల్లీ గాలికి పడ్డ ఓటు కాదు.

అసెంబ్లీకి వేసినవాళ్లకే మళ్లీ వేస్తారన్న మాటకు 2019 ఒక్కటి చాలు. 2018 డిసెంబరులో టీఆర్ఎస్ 119కి 88 గెలిచింది. ఆ ఎన్నికలో కరీంనగర్ అసెంబ్లీ సీట్లో ఓడిన బీజేపీ నాయకుడు బండి సంజయ్‌ని ఆరు నెలలు తిరగకుండానే అదే కరీంనగర్ జనం ఎంపీగా పంపారు. నిజామాబాద్‌లో పసుపుకు, ఎర్రజొన్నకు ధర కావాలని 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు కావడంతో ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. అక్కడ ముఖ్యమంత్రి కూతురు కవిత 70 వేలకు పైగా ఓట్లతో ఓడారు. ఆ రైతులది సొంత నిర్ణయం కాదని ఏ నోటితో అంటారు?

పైసలు పంచడం లేదని నేననను. పంచడం నేరం, తీసుకోవడమూ నేరమే. కానీ ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రం అద్దం వెనక చీటీ కనబడేది 7 సెకన్లు, అదీ ఓటేసినవాళ్లకే, పైసలిచ్చినవాళ్లకు కాదు. పైసలే గెలిపిస్తే అధికారంలో ఉన్నవాళ్లు ఎన్నటికీ ఓడిపోకూడదు. 88 సీట్లు తెచ్చుకున్న పార్టీ 2023లో 39కి దిగింది, 2024 లోక్‌సభలో సున్నాకు చేరింది. వరంగల్ ఎంపీ సీటు 2014, 2015 ఉప ఎన్నిక, 2019, మూడుసార్లూ లక్షల మెజారిటీతో ఆ పార్టీదే. 2024లో అదే సీటును కాంగ్రెస్ 2 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలుచుకుంది.

ఇక మారేదేం లేదన్న మాట. రైతులు అన్నేళ్లు కొట్లాడితే పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. మద్దతు ధర మాత్రం ఇంకా రాలేదు. ములుగు గిరిజన విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టంలో రాసిన హామీ. దాన్ని ఏర్పాటు చేసే చట్టం పార్లమెంటులో పాసయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. ఈ రెండూ తేలాల్సింది ఢిల్లీలోనే. అక్కడ వాటి గురించి నిలదీయాల్సింది మనం పంపిన ఎంపీలే.