అయిదు నిమిషాల్లో కోడింగ్ అట!

అసలు ఈ కోడింగ్ స్టార్టర్ కిట్ల పుస్తకాలు రాసేవాళ్ళు ఆ కిట్‌ని ఒక్కసారైనా కరెంటుకి పెట్టి చూస్తారా? ఇప్పుడే మా మేనల్లుడి పక్కనుంచి లేచొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది.

వాడికి రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న బోర్డు కంప్యూటర్ కొన్నాం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటాడని. కిట్ అమ్మినవాళ్ళు ఇచ్చిన పుస్తకం మొదటి పేజీలో యూజర్ 'పై', పాస్‌వర్డ్ 'రాస్ప్‌బెర్రీ' అని ఉంది. ముందే పెట్టి ఇచ్చే ఆ డిఫాల్ట్ యూజర్‌ని రాస్ప్‌బెర్రీ పై వాళ్ళు 2022 ఏప్రిల్‌లోనే తీసేశారు మహానుభావా! పై 5 వచ్చిందే 2023 అక్టోబర్‌లో. బోర్డు పుట్టకముందే పోయిన పాస్‌వర్డ్‌ని అచ్చేసి మరీ అమ్ముతున్నారు.

పోనీ వీడియోలు చూద్దామా అంటే, బెల్ ఐకాన్ కొట్టించాక పైథాన్ ఇన్‌స్టాల్ చేయడం నేర్పిస్తాడు ఒకాయన. అది అందులో ముందే ఉంటుంది సార్! మెనూలో ప్రోగ్రామింగ్ నొక్కితే పైథాన్ రాసుకునే థానీ అనే సాఫ్ట్‌వేర్ కనిపిస్తుంది, తెరిచి రాసుకోవడమే. ఇంకొకాయన చెప్పినట్టు అదనపు లైబ్రరీలు (రెడీమేడ్ కోడ్) వేసుకునే పిప్ కమాండ్ కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అంటూ ఎర్రర్. సిస్టమ్ వాడుకునే పైథాన్‌ని మనం చెడగొట్టకుండా రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వార్మ్ వెర్షన్‌లో పెట్టిన అడ్డు అది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే సిస్టమ్‌ది ముట్టుకోకుండా మనకి విడిగా ఓ పైథాన్ చోటు, ఒకటి చేసుకుని అందులో వేసుకుంటే సరి. ఆ ముక్క చెప్పడానికి నోరు రాదు. ఆ అడ్డుని తోసేయడానికి కమాండ్‌కి 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అని తగిలించు బ్రో అంటారు. పిల్లాడి చేత సిస్టమ్ బ్రేక్ చేయించడం ఏం పాఠం బ్రో?

అన్నిటికన్నా కడుపు మండింది ఎల్ఈడీ దగ్గర. పుస్తకంలో ఉన్న కోడ్ పొల్లుపోకుండా కొట్టాడు. ఎర్రర్. తనదే తప్పనుకుని వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాడు, రెసిస్టర్ మార్చాడు. ఆ కోడ్ బోర్డు పిన్నుల్ని నడిపే ఆర్‌పీఐ జీపీఐఓ అనే పాత లైబ్రరీది. పై 5లో పిన్నుల పని ఆర్‌పీ1 అనే వేరే చిప్ చూస్తుంది, అక్కడ ఆ లైబ్రరీ నడవదు. జీపీఐఓ జీరో అనే వేరే లైబ్రరీతో రాస్తే నాలుగు లైన్లలో వెలుగుతుంది. నేను అది వెతికి పట్టుకునేసరికి "నాకు రాదులే మావయ్యా" అని ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు.

రాదా? మా తరానికి వచ్చిందేంటి? 1984లో క్లాస్ అనే పథకం కింద మన దేశంలో కొన్ని స్కూళ్ళకి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు వచ్చాయి, స్విచ్ వేస్తే చాలు బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష సిద్ధంగా ఉండేది. మా స్కూల్లోనూ తర్వాత కంప్యూటర్ గది పెట్టారు. చెప్పులు బయట విప్పి వెళ్ళి, చేతులు కట్టుకుని చూసి రావాలి. రికార్డులో కీబోర్డు బొమ్మ గీసినందుకు పదికి తొమ్మిది మార్కులు!

ఇప్పుడేమన్నా మారిందా? మావాడి స్కూల్లో రోబోటిక్స్ ల్యాబ్ అని ప్రతి టర్మ్‌కీ ఫీజు గుంజుతారు. బోర్డులన్నీ బీరువాలో. ఇన్‌స్పెక్షన్ రోజున తీసి, తుడిచి, ఫొటో దిగి మళ్ళీ తాళం. పిల్లలకి ఇవ్వొచ్చు కదండీ అని పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే "పాడైతే మీరు కడతారా?" అన్నారు. కడుతున్నాం కదయ్యా, రెండేళ్ళుగా!