అద్దంలో నా మొహమే కనిపించింది

ప్రింట్ మేకింగ్ చదివేవాళ్ళకి ఒక ఎచింగ్‌ని (లోహపు ప్లేటు మీద గీతల్ని యాసిడ్‌తో తినిపించి, సిరా పూసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మని) దగ్గర నుంచి చూడటమంటే సగం పాఠం విన్నట్టే. యాసిడ్‌లో ప్లేటు ఎంతసేపు ఉంటే గీత అంత లోతుగా, నల్లగా పడుతుంది. బొమ్మ చుట్టూ కాగితం మీద ప్లేటు నొక్కుకున్న గుర్తు ఉంటుంది. అది ఫోన్‌లో కనబడదు. అందుకే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి మరీ ఒక బొమ్మల ప్రదర్శనకి వెళ్ళాను.

తీరా చూస్తే ప్రింటుకి ఎదురుగా ట్యూబ్‌లైటు. ఫ్రేము అద్దంలో లైటు, నా మొహం! అటు వంగి, ఇటు వంగి చూస్తుంటే "జరగమ్మా, ఫొటో తీసుకోవాలి" అన్నారు వెనకనుంచి ఎవరో.

అంతకన్నా బాధ పక్క గదిలో. చింతగింజల అంబలి, సుద్దమట్టి కలిపి బట్టకి పూత వేసి, ఎర్రటి నేపథ్యంలో గీసిన చేర్యాల పటం. బొమ్మలో కల్లుకుండ మోసే మనిషి మెడ నరం కూడా గీశారు. కింద చీటీ మీద "జానపద కళ" అని, అదీ ఇంగ్లీషులో. గీసిన మనిషి పేరేది? పక్కనున్న ఆయిల్ పెయింటింగ్‌కి మాత్రం పేరు, ఊరు, డిగ్రీ, ధర అన్నీ ఉన్నాయి. ఈ పటాలు గీసే నకాషీ వాళ్ళకి పేర్లుండవా?

అక్కడి వాళ్ళని అడిగితే, "క్యాటలాగ్‌లో ఉంటుందేమో" అన్నారు. క్యాటలాగ్ అయిపోయిందట.