శ్రీకాకుళం దాకా ఎగిరే క్షిపణి

తెల్లవారుజామున వాహనాలు ఆపేసిన విశాఖ బీచ్ రోడ్డులో దేశరక్షణ నిర్ణయాలు జరుగుతాయన్న సంగతి ఢిల్లీ పెద్దలకు ఇంకా చేరలేదు. ఒడ్డున ప్రదర్శనకు పెట్టిన కురుసుర జలాంతర్గామి పక్కన, చేతిలో రాగిజావ కప్పులతో రోజూ కొలువుదీరే ఆ నిండు సభలో ఈమధ్య, మన యుద్ధవిమానం గాల్లో శత్రువిమానం మీదికి వదిలే అస్త్ర క్షిపణి ప్రస్తావన వచ్చింది. "రేంజి నూటపది కిలోమీటర్లు మాస్టారూ! ఇక్కడ వదిలితే శ్రీకాకుళంలో పడాలి," అని అధ్యక్షులవారు తడి ఇసుకలోకి దిగి, చెప్పు మొనతో విశాఖను ఒక సున్నాగా, శ్రీకాకుళాన్ని మరో సున్నాగా చుట్టి గీత గీశారు. మధ్యలో విజయనగరం మాటేమిటని అడిగినవారికి, అది పైనుంచి వెళ్లిపోతుందని అభయమిచ్చారు. అంతలో ఒక అల వచ్చి శ్రీకాకుళాన్ని తుడిచేసింది. ఆయన రెండడుగులు అవతల మళ్లీ చుట్టారు. ఆ విధంగా క్షిపణి రేంజి పెరిగింది, సభ హర్షించింది.

ఆ అంకె అబద్ధమని నేననను. అది పెళ్లిచూపులకు పంపే ఫోటో వంటిది. విమానం ఎంతో ఎత్తున మంచి వేగంతో వెళ్తూ క్షిపణిని వదిలినప్పుడు, శత్రువు కూడా బుద్ధిగా ఎదురొస్తే కుదిరే దూరం అది. క్షిపణి మోటారు మండేది కొన్ని సెకన్లే, ఆ తర్వాతదంతా మిగిలిన ఊపు మీద ప్రయాణం. శత్రువు వెనక్కి తిరిగి పారిపోతే ఆ దూరంలో కొంత భాగమే దక్కుతుంది. కాంప్లెక్సులో కదిలిన బస్సు వెనక ఒక్కసారైనా పరుగెత్తినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

అంకెను నమ్మి నష్టపోవడం కొత్తేమీ కాదు. క్షిపణులుండగా తుపాకీ ఎందుకని అమెరికన్లు ఫాంటమ్ యుద్ధవిమానాన్ని మొదట తుపాకీ లేకుండానే తయారుచేశారు. వియత్నాంలో వారి రాడార్ క్షిపణి స్పారోను వంద వదిలితే పది విమానాలు కూడా కూలలేదు. పైగా దాన్ని వదిలిన పైలట్ అది తగిలేదాకా తన రాడార్‌ను శత్రువు మీదనుంచి మరల్చకూడదు. దొంగను పట్టడానికి కుర్రాణ్ణి పంపి, తాను నడివీధిలో టార్చిలైటు పట్టుకుని నిలబడ్డట్టు. చివరికి ఫాంటమ్‌లో 'ఈ' రకానికి ముక్కు కింద తుపాకీ వచ్చి చేరింది. 1991లో సేవలోకి వచ్చిన అమెరికా క్షిపణి ఆమ్రామ్‌కు సొంత రాడార్ ఉంది, చివరి అంచెలో లక్ష్యాన్ని అదే వెతుక్కుంటుంది. దాని కొత్త రకాలకు ఏ, బీ, సీ, డీ అంటూ అక్షరాలు పెరిగాయి. 2014లో సుఖోయ్-30 యుద్ధవిమానం నుంచి తొలిసారి ఎగిరిన మన అస్త్రదీ ఆ పద్ధతే.

అయితే లక్ష్యాన్ని వెతుక్కునే ఆ కన్నుకు, ఆ లక్ష్యంలో కూర్చున్నది ఎవరో తెలియదు. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్‌పై అమెరికా ఎఫ్-15లు రెండు, తమవే అయిన బ్లాక్‌హాక్ హెలికాప్టర్లను శత్రువులవనుకుని కూల్చేశాయి. రెండింటిలో ఒకదాన్ని తాకింది ఆమ్రామే. 26 మంది చనిపోయారు. క్షిపణి తప్పేమీ లేదు, అది చక్కగా పనిచేసింది! తగిలినదాన్ని లెక్కపెట్టి చప్పట్లు కొట్టడమేనా మనకు తెలిసింది? ఎవరికి తగిలిందని అడగడానికి నోరు రాదా? ఈ మాట సభలో అన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. జావ చల్లారిపోతోందని ఎవరో గుర్తుచేశారు.

మర్నాడు అస్త్ర తర్వాతి రకం మార్క్-2 వంతు వచ్చింది. పలాస దాకా పోతుందని అధ్యక్షులవారు ఖాయం చేశారు. గీతకు కురుసుర అడ్డొస్తోంది కనుక, దాన్ని కాస్త పక్కకు జరిపించమని కలెక్టరుగారికి అర్జీ పెడతారట.