సూర్యోపాసకులకు కొన్ని ఉద్యోగ సూచనలు

శుద్ధ ఇంధన పరిశోధనలో జీవితం గడపాలని ఉబలాటపడుతున్న యువతీయువకులకు ముందుగా అభినందనలు. ప్రపంచాన్ని కాపాడటానికి మీరు నడుం కట్టారు. మీచేత కాపాడించుకోవడానికి ప్రపంచం కూడా సిద్ధంగానే ఉంది. కాకపోతే ఆ పనికి ఒక్కసారిగా మూడేళ్లకు మించి డబ్బివ్వదు.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఆకాశం వైపు చూసే దురలవాటు ఒకటుంటుంది. ఎండ ఎంత కాస్తోంది, గాలి ఎంత వీస్తోంది అని లెక్కలు కడుతుంటారు. అదంతా వృథా శ్రమ. సూర్యుడికి మరో ఐదొందల కోట్ల ఏళ్ల ఆయుష్షుంది, ఆయన వైపు నుంచి మీకే ఇబ్బందీ రాదు. మీ జీతం వేలాడేది ముడిచమురు పీపా ధర మీద. అది పెరిగినన్నాళ్లూ సూర్యుడు ప్రత్యక్ష దైవం, మీరు ఆయన ఆస్థాన పూజారి. అది తగ్గిన మర్నాడు ఆయన మామూలు నక్షత్రమైపోతాడు, మీరేమవుతారో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంగతి మొట్టమొదట అనుభవంలోకి వచ్చింది ఆగస్టిన్ మూషో అనే ఫ్రెంచి లెక్కల మాస్టారికి. భూమిలో బొగ్గు ఎల్లకాలం ఉండదు కదా అని ఆయనకు బెంగ పట్టుకుంది. పెద్ద గరాటు ఆకారంలో అద్దం కట్టి, ఎండను ఒకచోటికి చేర్చి, నీళ్లు మరిగించి ఆవిరి యంత్రం నడిపాడు. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆ ఎండతోనే ఐసు గడ్డకట్టించాడు. జనం ముక్కున వేలేసుకున్నారు, నిర్వాహకులు బంగారు పతకం వేశారు. ఆపైన బొగ్గు చవకైంది. ఇంత చవకగా బొగ్గు దొరుకుతుంటే ఎండతో పనేమిటని సర్కారు నిధులు ఆపేసింది. మూషో 1912లో పేదరికంలో పోయాడు. పతకం మాత్రం నిజమైన బంగారమే.

తర్వాత వందేళ్లకు కథ ఏమైనా మారిందా అంటే, కొలత మారింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులు బిగించేసరికి పీపా ధర కొద్ది నెలల్లోనే సుమారు నాలుగింతలైంది. అగ్రరాజ్యానికి హఠాత్తుగా సూర్యుడు గుర్తొచ్చాడు. 1977లో సౌరశక్తి పరిశోధనకు ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థ పెట్టారు. 1979లో అధ్యక్షుడు కార్టర్ వైట్‌హౌస్ కప్పు మీద నీళ్లు కాచే సౌర పలకలు 32 బిగించాడు. 1986లో, రీగన్ హయాంలో, కప్పు మరమ్మతని వాటిని దించారు. మరమ్మతు సలక్షణంగా పూర్తయింది, పలకలు మాత్రం మళ్లీ పైకెక్కలేదు. చమురు ధర కుప్పకూలింది కూడా ఆ ఏడాదే. ఈ రెండింటికీ సంబంధం లేదనుకునే స్వేచ్ఛ మీకుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న మన సామెతను వాళ్లెవరో ఇంధన విధానంగా అమలుచేశారని నా అనుమానం.

దీన్నిబట్టి చమురు కంపెనీలు మీకు శత్రువులని తొందరపడి తేల్చకండి. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉన్న లిథియం బ్యాటరీ వంశవృక్షం తిరగేస్తే మొదట్లోనే ఎక్సాన్ కనిపిస్తుంది. చమురు ఒకనాటికి అయిపోతుందేమోనన్న భయంతో ఆ కంపెనీయే 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్‌ను కూర్చోబెట్టి పరిశోధన చేయించింది. బ్యాటరీ తయారైంది. 1980ల మొదట్లో చమురు చవకైంది, భయం తీరింది, పరిశోధనా తీరిపోయింది. 2019లో ఆ పనికే విటింగ్‌హామ్‌కు నోబెల్ వచ్చింది. ఓపిక పడితే ఫలితం ఉంటుందని ఎవరైనా అంటే నమ్మండి, ఎన్నేళ్లని మాత్రం అడక్కండి.

ఓపిక అంటే గుర్తొచ్చింది. అదే నోబెల్ పంచుకున్న జాన్ గుడ్‌ఇనఫ్ తన ముఖ్యమైన ఆవిష్కరణ, లిథియం బ్యాటరీలోని కోబాల్ట్ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్, ప్రచురించేనాటికి 57 ఏళ్లవాడు. బహుమతి అందుకునేనాటికి 97. నోబెల్ చరిత్రలో అంత పెద్ద వయసులో ఎవరికీ రాలేదు. కోట్లకొద్దీ అమ్ముడుపోయిన ఆ బ్యాటరీల మీద ఆయనకు రాయల్టీ ముట్టలేదు. కాబట్టి ఈ వృత్తికి కావలసిన అర్హతల్లో మొదటిది దీర్ఘాయుష్షు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తర్వాతైనా నేర్చుకోవచ్చు.

ఇక రోజువారీ పని సంగతి. సౌరశక్తి పరిశోధకుడు ఎండలో నిలబడి పనిచేస్తాడని ఊహించుకున్నవాళ్లు టోపీలు కొనకండి. మీరుండేది కిటికీల్లేని గదిలో. అక్కడ సోలార్ సిమ్యులేటర్ అనే పెట్టె ఒకటుంటుంది, అందులో సాధారణంగా జినాన్ దీపం. చదరపు మీటరుకు వెయ్యి వాట్లు, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, మబ్బులు లేవు, సాయంత్రం కాదు. లోకంలోని సోలార్ సెల్స్ అన్నిటికీ మార్కులు పడేది ఈ ఎండలోనే. బయట ఉండే సూర్యుడు ప్రామాణికం కాదు. ఆయన ఉదయించడానికీ అస్తమించడానికీ బాగా అలవాటుపడ్డాడు.

ఇప్పుడు నడుస్తున్న మోజు పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థం. 2009లో మియాసాకా బృందం జపాన్‌లో దీంతో సెల్ చేస్తే సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మారేది, 3.8 శాతం వచ్చింది. ఇప్పుడు 26 దాటింది. 1954లో బెల్ ల్యాబ్స్‌లో ఆరు శాతంతో మొదలైన సిలికాన్ 25 చేరడానికి నలభై ఏళ్ల పైన పట్టింది, పెరోవ్‌స్కైట్ పదేళ్లు తిరిగేసరికల్లా అక్కడికొచ్చింది. పైగా కరిగించి పూతలా పూస్తే చాలు, సెల్ తయారవుతుంది. ఇన్ని సుగుణాలున్నదానికి ఒకట్రెండు సరిపడనివి ఉంటే తప్పు పట్టకూడదు. దీనికి తేమ సరిపడదు, వేడి సరిపడదు, ఆక్సిజన్ సరిపడదు, అతినీలలోహిత కాంతి అసలే సరిపడదు. అంటే ఈ సోలార్ సెల్ ఎండకు, వానకు, గాలికి దూరంగా ఉంచితే చక్కగా పనిచేస్తుంది. పాతికేళ్ల వారంటీతో కప్పులెక్కుతున్న సిలికాన్ పలక దీని ఉత్సాహాన్ని చూసి ఏమనుకుంటుందో తెలియదు.

దీన్ని తయారుచేసే తంతు దగ్గర్నుంచి చూడదగ్గది. నైట్రోజన్ నింపిన గాజు పెట్టె, దాన్నే గ్లోవ్ బాక్స్ అంటారు. దాని గోడకున్న మందపాటి రబ్బరు తొడుగుల్లోకి భుజాలదాకా చేతులు దూర్చి నిలబడాలి. లోపల స్పిన్ కోటర్ అనే తిరుగుడు పళ్లెం మీద చిన్న గాజు ముక్క, దాని మీద పసుపుపచ్చటి చుక్క. మీట నొక్కగానే నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరుగుతుంది. అది తిరుగుతుండగానే, సరిగ్గా ఫలానా సెకనుకు, పిపెట్‌తో పైనుంచి ఇంకో ద్రావకం వదలాలి. సమయం కుదిరితే పొర చూస్తుండగానే గోధుమరంగులోకి దిగి అద్దంలా మెరుస్తుంది. అర సెకను అటూఇటూ అయితే బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. ఆ క్షణంలోనే ముక్కు దురద పెడుతుంది. ఇది మాత్రం ప్రయోగశాల ఏదైనా తప్పదు. అధిక వేతనం అడగడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు కనబడదు, ఇవ్వడానికి వాళ్లకు కనబడలేదు.

అలా తీసిన ముక్కల్లో కొన్ని పనిచేయవు, చాలావరకు ఓ మోస్తరుగా పనిచేస్తాయి, ఒకటి మాత్రం ఎందుకో అదరగొడుతుంది. దాన్ని ఛాంపియన్ సెల్ అంటారు. పరిశోధన పత్రం శీర్షికలోకి ఎక్కేది అదే. మిగతావాళ్ల సగటు ఎంతో అనుబంధంలో, ఎవరూ తెరవని పేజీలో, చిన్న బొమ్మగా ఉంటుంది. ఛాంపియన్ వైశాల్యం చాలాసార్లు చిటికెనవేలి గోరంత. ఈలోగా సంస్థ ప్రచార విభాగం పత్రికా ప్రకటన పంపించేస్తుంది, ఇక ఇంటింటికీ ఉచిత కరెంటేనని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

శిఖరాలు అధిరోహించే ఆశ ఉన్నవాళ్లకు ఒక చిన్న సమాచారం. మీ శిఖరం ఎత్తు ఎంతో మీరు పుట్టకముందే ఖరారైంది. గాలిలో ఉన్న శక్తిలో మర ఎంత గొప్పదైనా 59.3 శాతానికి మించి లాగలేదని 1919లోనే బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చేశాడు. ఒకే పదార్థంతో చేసిన సోలార్ సెల్ సుమారు 30 శాతం దాటలేదని 1961లో షాక్లీ, క్వీసర్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు, తర్వాతి లెక్కల్లో అది సుమారు 33 అయింది. ఇంత స్పష్టంగా పదోన్నతి హద్దులు చెప్పే ఉద్యోగం మరొకటుండదు. దీనికీ ఉపాయం ఉందిలెండి. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పేర్చి 34 శాతం దాటించారు. కింది అంతస్తువాడు ఎండలో నిలబడగలడు, పైవాడు ఇంకా నేర్చుకుంటున్నాడు.

ప్రయోగశాల నుంచి పైకప్పుకు దూరం ఎంత అని అడిగేవాళ్లు మార్టిన్ గ్రీన్ బృందాన్ని తలుచుకోవాలి. ఆస్ట్రేలియాలో వాళ్లు పెర్క్ అనే సిలికాన్ సెల్‌ను 1989లో 22.8 శాతంతో ప్రపంచానికి చూపించారు. కర్మాగారాలు దాన్ని పెద్దఎత్తున అందిపుచ్చుకునేసరికి పాతికేళ్లు గడిచాయి. మార్కెట్ మొత్తం పెర్క్‌మయమయ్యాక, పదేళ్లయినా నిండకుండానే టాప్‌కాన్ అనే మరో రకం వచ్చి పక్కకు నెట్టేసింది. గ్రాంటు ఇచ్చేవాళ్లు మాత్రం మూడో ఏడాది చివర, సమాజానికి ఒనగూడిన లాభమేమిటో రెండొందల పదాలకు మించకుండా రాయమంటారు. రాయండి. కృత్రిమ మేధ అన్న మాట ఎక్కడో ఒకచోట తగిలించడం మరవకండి, వాడకపోయినా సరే.

హైడ్రోజన్ వైపు వెళ్లదలచినవాళ్లు ముందు రంగులు గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఆకుపచ్చ, నీలం, బూడిద, గులాబీ, ఇంకా ఉన్నాయి. వాయువుకు రంగు లేదు, తయారీ పద్ధతిని బట్టి పెట్టిన ఆ రంగంతా కాగితాల మీదే. ప్రస్తుతం లోకంలో తయారవుతున్నది దాదాపు అంతా బూడిదరంగుదో నల్లదో, అంటే సహజవాయువు, బొగ్గుల సంతానం. సదస్సుల్లో మాత్రం ఆకుపచ్చది, అంటే శుద్ధమైన కరెంటుతో నీటిని విడగొట్టి తీసేది, తప్ప మరొకటి కనబడదు. దాన్ని తీసే ఒక రకం యంత్రానికి ఇరిడియం అనే అరుదైన లోహం కావాలి, అది ప్రపంచమంతా గాలించినా ఏడాదికి పది టన్నులు కూడా దొరకదు. ఈ ప్రశ్న సదస్సులో అడక్కండి, కాఫీ విరామం ఆలస్యమవుతుంది.

ఉద్యోగ భద్రతే ముఖ్యమనుకునేవాళ్లకు సంలీన శక్తిని, అంటే సూర్యుడిలోలా చిన్న పరమాణువులను కలిపి తీసే శక్తిని, మించింది లేదు. 2022 డిసెంబరులో అమెరికాలో 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతి పోస్తే 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. ఆ లేజర్లు వెలిగించడానికి గోడ ప్లగ్గు నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్లు, కానీ శుభకార్యంలో ఖర్చులు ఎత్తకూడదు. ఫ్రాన్స్‌లో ముప్పైకి పైగా దేశాలు కలిసి కడుతున్న ఈటర్ యంత్రానికి 2006లో సంతకాలయ్యాయి. మొదటి ప్లాస్మా, అంటే లోపల మరిగే మహావేడి వాయువు, 2016కి అన్నారు, తర్వాత 2025 అన్నారు. 2024లో కొత్త పంచాంగం ప్రకటించారు, ప్రయోగాలు మొదలయ్యేది 2034లో, అసలు ఇంధనం మండించేది 2039లో. అందుచేత ప్రస్తుతం ఏడో తరగతి చదువుతున్న పిల్లలు దరఖాస్తు సిద్ధం చేసుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఈలోగా పీహెచ్‌డీ అయిపోతుంది. గడువు ఇంకోసారి జరిగితే, మధ్యలో రెండు పోస్ట్‌డాక్‌లు కూడా చేసుకోవచ్చు.